హాట్‌రాడ్ల పేరిట మన పాత కార్లను కోయించకండి

సంపాదకులకు,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల, పాత కార్ల బరువు తగ్గించి, బలమైన ఇంజన్ పెట్టి వేగంగా పరుగెత్తేలా మార్చిన అమెరికా హాట్‌రాడ్ కార్ల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తెలుగు పత్రికలు ఈ విషయానికి అంత చోటివ్వడం అరుదు కనుక ముందుగా అభినందనలు. అయితే వ్యాసం చివర్లో రచయిత ఒక సలహా ఇచ్చారు. మన ఊళ్ళలో షెడ్లలో, చెట్ల కింద పడి ఉన్న పాత అంబాసిడర్లను, ఫియట్లను, అంతకన్నా పాతవైన మోరిస్, ఆస్టిన్ కార్లను కూడా ఇదే పద్ధతిలో పైకప్పు కోసి, కిందికి దించి, కొత్త ఇంజన్ బిగించి అమ్ముకుంటే మన కుర్రాళ్ళకు మంచి ఉపాధి దొరుకుతుందన్నారు. చదవడానికి ఉత్సాహంగా ఉన్న ఈ సలహాను ఎవరైనా ఆచరణలో పెడితే బండీ పోతుంది, పెట్టిన డబ్బూ పోతుంది, పైగా చట్టంతో చిక్కు వస్తుంది. ఎందుకో కొంచెం వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో టింకరింగ్ నేర్చుకుని, తర్వాత చదువుకుని, ఉద్యోగరీత్యా దక్షిణ కాలిఫోర్నియాకు వచ్చి స్థిరపడినవాడిని. ఉద్యోగ విరమణ చేశాక, పోమోనాకు దగ్గర్లో పాత ఫోర్డులను బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో రేకు పనికి సాయం చేస్తున్నాను. రెండు కార్లు పెడితే మూడోదానికి చోటుండని షెడ్డు అది. యజమానితో కలిపి పనివాళ్ళం ముగ్గురం. అక్కడ నేను చూసినదానికీ, మీ వ్యాసంలో కనిపించినదానికీ చాలా తేడా ఉంది.

మొదటిది, ఇది డబ్బున్నవాళ్ళ విలాసంగా పుట్టిన విద్య కాదు. ఇవాళ వేలం పాటల్లో పలికే ధరలు చూసినవారికి అలా అనిపించడం సహజమే. కానీ ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 వరకు కోటీ యాభై లక్షలకు పైగా మోడల్ టీ కార్లను, ఆ తర్వాత 1931 వరకు దాదాపు యాభై లక్షల మోడల్ ఏ కార్లను తయారుచేసి అమ్మింది. వాటిలో పాతబడినవి 1930లలో లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల పాత ఇనుము కొట్లలో గుట్టలుగా పడి ఉండేవి. జేబులో నాలుగు డాలర్లున్న కుర్రవాడు కూడా ఒక చాసిస్ (బండి అడుగు చట్రం) ఇక్కడ, ఒక బాడీ అక్కడ కొనుక్కుని, మడ్‌గార్డులు, బానెట్టు ఊడదీసి బరువు తగ్గించి, ఊరికి ఉత్తరాన మొహావీ ఎడారిలో ఎండిపోయిన చెరువుల మీదికి తోలుకుపోయి, ఎంత వేగం వెళుతుందో చూసుకునేవాడు. మ్యూరాక్ అనే ఎండు చెరువు అందుకు పేరుమోసింది. మైళ్ళ కొద్దీ చదునైన గట్టి నేల, దారికి అడ్డం వచ్చేదేమీ లేదు. అక్కడ ఎవరికి తోచినట్టు వాళ్ళు ఒకేసారి తోలడంతో దుమ్ములో ముందున్న బండి కనబడక ప్రమాదాలు జరిగేవి. ఆ పరిస్థితిని చక్కదిద్దడానికే క్లబ్బులన్నీ కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అనే సంఘాన్ని పెట్టుకున్నాయి. తనిఖీ జరగని బండిని ఆ సంఘం పందెంలోకి రానివ్వదు. మ్యూరాక్ తర్వాత సైన్యం చేతికి పోయి విమానాశ్రయం అయింది, ఇవాళ దాన్నే ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం అంటున్నారు. పందేలు ఎల్ మిరాజ్ అనే మరో ఎండు చెరువుకు మారి, ఇప్పటికీ అక్కడే జరుగుతున్నాయి.

1932లో ఫోర్డు తెచ్చిన వీ8 ఇంజనే, అంటే వీ అక్షరంలా రెండు వరసల్లో ఎనిమిది సిలిండర్లున్న ఇంజనే, ఈ విద్యకు ఊపిరి. అంతకుముందు ఎనిమిది సిలిండర్ల ఇంజన్లు ఎక్కువగా ఖరీదైన కార్లకే ఉండేవి. రెండు వరసల సిలిండర్లను, కింది క్రాంక్‌కేసును ఒకే పోతగా పోయడం సాధ్యం చేసి, 65 గుర్రాల శక్తిగల 3.6 లీటర్ల ఇంజన్‌ను ఫోర్డు సామాన్యుడి కారులో పెట్టాడు. కొన్నేళ్ళకే విక్ ఎడెల్‌బ్రాక్ వంటి గ్యారేజీ మెకానిక్కులు దానికి ఒక కార్బురేటర్‌కు (పెట్రోలును గాలితో కలిపే పరికరం) బదులు రెండు బిగించే మానిఫోల్డులు, అంటే ఆ మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే గొట్టాలు, పోత పోయించి, తమ సొంత కార్ల మీదే ఎడారిలో పరీక్షించి, పక్కవాళ్ళకు అమ్మడం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన కుర్రాళ్ళలో విమానాల మీద వెల్డింగు, రేకు పని నేర్చినవాళ్ళు చాలామంది ఉండటంతో 1945 తర్వాత పని నాణ్యత ఒక్కసారిగా పెరిగింది. యుద్ధ విమానాల రెక్కల కింద వేలాడే పెట్రోలు ట్యాంకులను సైన్యం మిగులు సరుకుగా అమ్మితే, బిల్ బర్క్ అనే ఆయన అలాంటి ట్యాంకు ఒకటి కొని, లోపల ఇంజన్, సీటు పెట్టి 1946లో ఎల్ మిరాజ్ మీద పరుగెత్తించాడు. బర్‌బ్యాంక్‌లో అలెక్స్ జైడియాస్ 1946లోనే పెట్టిన సో-కాల్ స్పీడ్ షాపు ఆ బాటలోనే నడిచి పేరు తెచ్చుకుంది. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ ఈ కార్లకోసమే ఒక మాసపత్రిక మొదలుపెట్టాడు, అదే నెలలో లాస్ ఏంజిలిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. 1949లో యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానం మీద తొలి స్పీడ్ వీక్ అనే వేగ పరీక్షల వారోత్సవం నడిచింది.

ఈ చరిత్రనంతా ఏకరువు పెట్టడానికి ఒక కారణం ఉంది. వాళ్ళు కోసిన కార్లు ఆనాటికి పురావస్తువులు కావు. పదేళ్ళో పదిహేనేళ్ళో వాడేసి వదిలేసిన, లక్షల్లో మిగిలి ఉన్న, తుక్కు కింద అమ్ముడుపోయే బళ్ళు. ఒకటి చెడితే వీధి చివర మరొకటి దొరికేది. ఆ సమృద్ధిలోంచి వచ్చిన ధైర్యం అది. మన దగ్గర ఒక పాత ఆస్టిన్‌ను కోసి చెడగొడితే రెండోది ఎక్కడినుంచి తేవాలో వ్యాసకర్త చెప్పలేదు.

అమెరికాలోనే ఈ విషయంలో పద్ధతి మారి చాలా కాలమైంది. మా షెడ్డుకు 1932 నాటి ఫోర్డు ఒకటి తుప్పు పట్టినా కోత పడకుండా వస్తే, దాని పైకప్పు కోయమని ఎంత డబ్బిస్తానన్నా మా యజమాని ఒప్పుకోడు. హాట్‌రాడ్ కావాలని వచ్చినవారికి, ఒహాయో రాష్ట్రంలో బ్రూక్‌విల్ అనే సంస్థ పాత ఫోర్డుల అచ్చు ప్రకారం కొత్త ఉక్కు రేకుతో తయారుచేసే బాడీని తెప్పించుకోమంటాడు. చాసిస్‌కు రెండు పక్కలా ఉండే పొడవాటి ఇనుప దూలాలు, అంటే పట్టాలు, కూడా కొత్తవి దొరుకుతాయి. అసలుదాన్ని అసలుగా బాగుచేయాలి, రాడ్ కావాలంటే కొత్త రేకుతో కట్టాలి అన్నది ఇక్కడి మంచి షెడ్లలో చాలావరకు పాటిస్తున్న మర్యాద. పాటించనివాళ్ళూ ఉన్నారు, లేరనను. కానీ వాళ్ళు కోసిన కారును తర్వాత అమ్మబోతే, తెలిసిన కొనుగోలుదారు ముందు కింద దూరి చాసిస్ ఎడమ పట్టా మీద కొట్టిన పాత నంబరు కోసం వెతుకుతాడు, కోత గుర్తులు చూస్తాడు, ధర దానికి తగ్గట్టే పలుకుతుంది.

వ్యాసంలో "పైకప్పు కోసి మూడంగుళాలు దించుతారు" అని ఒక్క వాక్యంలో తేల్చేసిన పని నిజానికి ఎలా ఉంటుందో చెబితే, దాన్ని ఉపాధి పథకంగా సూచించడంలోని తొందరపాటు పాఠకులకే అర్థమవుతుంది. 1932 కూపే (రెండు తలుపుల మూసిన కారు) కిటికీ స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి కనుక, నాలుగు మూలలా సమానంగా కోసి కిందికి దించితే పై భాగం కింది భాగంతో ఇంచుమించు కలుస్తుంది. 1934 కారుకు ముందు స్తంభాలు వెనక్కి వాలి ఉంటాయి. అక్కడ అంతే కోసి దించితే ముందు భాగం, వెనుక భాగం కలవవు, కప్పునే మధ్యలో అడ్డంగా కోసి పొడవు పెంచాలి, లేదంటే స్తంభాల వాలు మార్చాలి. కోతకు ముందే లోపల ఇనుప గొట్టాలతో అడ్డదిడ్డంగా కట్లు కట్టకపోతే, కప్పు తీసిన మరుక్షణం బాడీ విచ్చుకుంటుంది, తర్వాత తలుపులు జన్మలో సరిగా పడవు. తలుపుల ఫ్రేములు, అద్దాలు, అద్దాలు దిగే కాలువలు అన్నీ అదే కొలతకు మళ్ళీ చేసుకోవాలి. ఒక చోట ఒక నూలు తేడా వస్తే అది మరోచోట రెండు నూళ్ళవుతుంది. ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రీ, పైన కొట్టే సుత్తికన్నా కింద ఆనించి పట్టుకున్న దిమ్మ మీదే చూపుండాలని పదే పదే చెప్పేవారు. దిమ్మ నేరుగా సుత్తి కింద ఉంటే రేకు పలచబడి సాగుతుంది, కాస్త పక్కకు ఉంటే మిట్ట దిగి పల్లం లేస్తుంది. వేల మైళ్ళ దూరంలో, వేరే దేశపు కారు మీద ఆ మాట ఒక్క అక్షరం కూడా మారలేదు.

వెల్డింగు అతుకులను కప్పడానికి ఇక్కడి పాతకాలపు పనివాళ్ళు పుట్టీ వాడేవారు కాదు, సీసం, తగరం కలిపిన కడ్డీలు వాడేవారు. మా యజమాని ఇప్పటికీ అంతే. రేకును తెల్లగా గీకి, ముందు దాని మీద తగరం పూత పూస్తాడు. గ్యాస్ మంటను దూరంగా ఆడిస్తూ కడ్డీని వేడిచేస్తే అది ఒక్కసారిగా నీరై కారిపోదు, గడ్డకూ ద్రవానికీ మధ్య వెన్నలాంటి స్థితి ఒకటి కొద్ది క్షణాలు నిలుస్తుంది. ఆ క్షణాల్లోనే మైనం పూసిన చెక్క తెడ్డుతో దాన్ని అతుకు పొడవునా నెట్టి, పరిచి, వదిలేయాలి. మంట ఎక్కువైతే సీసం నేల పాలవుతుంది, రేకు వంకరపోతుంది. మంట తక్కువైతే సీసం అంటుకోదు, ఏడాది తిరిగేసరికి పెయింటు కింద పొంగి లేస్తుంది. చల్లారాక వంపు పళ్ళ పెద్ద ఆకురాయితో మాత్రమే రాయాలి, గ్రైండరు పెట్టకూడదు, ఎందుకంటే సీసపు పొడి గాలిలో లేస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే విషం. ఈ జాగ్రత్తలేవీ చెప్పకుండా మన కుర్రాళ్ళను ఈ పనిలోకి దింపితే కార్ల సంగతి సరే, వాళ్ళ ఆరోగ్యం మాటేమిటి?

ఇక ఇంజన్. ఆ పాత ఫోర్డు వీ8ను బాగుచేయడమంటే దాని పుట్టు లోపంతో పోరాడడమే. వాల్వులు (గాలిని లోపలికీ, పొగను బయటికీ వదిలే కవాటాలు) హెడ్డులో, అంటే ఇంజన్ పై మూతలో కాక, సిలిండర్లుండే బ్లాకులోనే, రెండు వరసల మధ్య ఉంటాయి. అందువల్ల కాలిన పొగ బయటికి పోవాలంటే సిలిండర్ల మధ్యనుంచి, నీళ్ళు తిరిగే గదులను దాటుకుంటూ, బ్లాకును అడ్డంగా ఈది రావాలి. మధ్యలో ఉన్న రెండు సిలిండర్లకు కలిపి ఒకటే దారి ఉంటుంది కనుక ఒక్కో వైపు నాలుగు సిలిండర్లకు మూడే పొగ రంధ్రాలు కనిపిస్తాయి. ఆ వేడంతా నీళ్ళలోకి దిగుతుంది, రేడియేటరు ఆపలేదు, వాల్వు సీటుకూ సిలిండరుకూ మధ్య సన్నటి చోట బ్లాకు పగులుతుంది. మా దగ్గరికి వచ్చిన బ్లాకును ముందు రసాయనంలో నానబెట్టి శుభ్రం చేస్తాం. అప్పుడు నీటి గదుల్లోంచి తుప్పుతోపాటు, ఎనభై తొంభై ఏళ్ళ కింద పోత పోసినప్పటి ఇసుక, అచ్చును నిలబెట్టిన తీగ ముక్కలు కూడా రాలుతుంటాయి. తర్వాత దాన్ని అయస్కాంతంగా చేసి మెత్తటి ఇనుప పొడి చల్లితే, కంటికి కనిపించని పగులు దగ్గర ఆ పొడి గీతలా పేరుకుంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఎవరో పెన్సిలుతో గీశారనుకున్నాను. చిన్న పగుళ్ళయితే వరసగా మరలు దించి కుట్టేయవచ్చు. పెద్దవైతే ఆ బ్లాకును గోడకు ఆనించి మరొకదాన్ని వెతుక్కోవలసిందే. అటువంటి బ్లాకులు మా గోడ వెంబడి వరుసగా ఉన్నాయి.

1955లో షెవ్రోలే చిన్న వీ8 వచ్చాక కుర్రాళ్ళు ఫోర్డు ఇంజన్ను వదిలి దానివైపు మళ్ళడానికి ఈ తలనొప్పే ఒక కారణం. తేలిక, చవక, శక్తి ఎక్కువ. ఫోర్డు బాడీలో షెవ్రోలే ఇంజన్ పెట్టడం అప్పట్లో కొందరికి మతం మార్చుకున్నంత పెద్ద విషయం, ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

ఇంజన్ను అంత పెంచినప్పుడు బండిని ఆపేది ఏమిటన్నది వ్యాసకర్త అసలు తాకని విషయం. ఫోర్డు కార్లకు 1939 వరకు హైడ్రాలిక్ బ్రేకులు లేవు, ఇనుప కడ్డీలతో, తీగలతో లాగే బ్రేకులే. అందుకే పాతకాలపు రాడ్ల మీద 1939, 1940 నాటి ఫోర్డు బ్రేకులు తెచ్చి బిగించడం ఆనవాయితీ అయింది. మోడల్ ఏ చాసిస్ నాలుగు సిలిండర్ల ఇంజన్‌కోసం చేసిన పలచటి పట్టా. దానిమీద వీ8 పెట్టాలంటే తెరిచి ఉన్న వైపు రేకు అతికి పెట్టెలా మూయాలి, లేకపోతే మెలి తిరుగుతుంది. ముందు యాక్సిల్‌ను వేడిచేసి వంచి కిందికి దించినప్పుడు స్టీరింగు కడ్డీల కోణాలు మారతాయి, వాటిని సరిచేయకపోతే గుంత తగిలిన ప్రతిసారీ చక్రం తనంతట తనే ఒక పక్కకు లాగుతుంది. మా షెడ్డులో స్టీరింగుకు సంబంధించిన ఏ ముక్కకైనా ఒకరు వెల్డింగు చేస్తే మరొకరు పరీక్షించి సుద్దముక్కతో గుర్తు పెట్టేదాకా అది కారెక్కదు. ఫోటోల్లో మెరిసే పెయింటు వెనక ఉన్న పనిలో సగానికి పైగా ఇలాంటిదే, దాన్ని ఎవరూ ఫోటో తీయరు.

కాలిఫోర్నియాలో కూడా కట్టినవాడికి కట్టినంత స్వేచ్ఛ లేదు. సొంతంగా కట్టిన వాహనానికి మోటారు వాహనాల శాఖ దగ్గర నమోదు, పోలీసుల ద్వారా నంబరు తనిఖీ, బ్రేకుల, దీపాల పరీక్ష తప్పవు. అలాంటి వాహనాలకు పొగ నిబంధనల్లో సడలింపు ఇచ్చే చట్టం 2001లో వచ్చినా, ఏటా మొదట వచ్చిన 500 దరఖాస్తులకే దాన్ని పరిమితం చేశారు. అలవాటు పడిన షెడ్లు జనవరి మొదటి వారంలోనే కాగితాలు పట్టుకుని సిద్ధంగా ఉంటాయి.

ఇంతకన్నా ఆసక్తికరమైన విషయం మరొకటి ఉంది. 1940లలో కోసిన కారు ఈనాడు మా దగ్గరికి వస్తే దాన్ని దేనికి పునరుద్ధరించాలి? ఫోర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికా, లేక ఎవరో కుర్రవాడు తన గ్యారేజీలో మార్చిన రూపానికా? ఈ ప్రశ్న చాలాకాలం ఎవరికీ తట్టలేదు, రాడ్లను పాత కార్ల పాడుబడిన బంధువుల్లాగే చూసేవారు. కాలిఫోర్నియాలోనే పెబుల్ బీచ్‌లో ఏటా జరిగే ప్రదర్శనకు రోల్స్‌రాయిస్‌లు, బుగాటీలు వంటి ఖరీదైన కార్లు వచ్చేవి తప్ప రాడ్లకు ప్రత్యేక విభాగం ఉండేది కాదు. అక్కడ 1997లో తొలిసారి హాట్‌రాడ్లకు ఒక విభాగం పెట్టారు, అందులో డోన్ స్పెన్సర్ అనే ఆయన 1940లలో తీర్చిదిద్దిన 1932 రోడ్‌స్టరు (పైకప్పు తెరిచి ఉండే కారు) ప్రథమ బహుమతి పొందింది. అప్పటినుంచి ఆనాటి రాడ్ల మీది ప్రతి కోత, ప్రతి అతుకు, ప్రతి తప్పు రంధ్రం కూడా సాక్ష్యాలయ్యాయి. 2014లో అమెరికా తపాలా శాఖ 1932 ఫోర్డు హాట్‌రాడ్ల బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడా వేసింది.

అలాంటి కూపే ఒకటి మా షెడ్డులో ఉంది. ఆరు పొరల పెయింటు కింద వెనుక స్తంభంలో సీసం కనిపించింది, సీసం కింద గ్యాస్ వెల్డింగు చేసిన పాత అతుకు కనిపించింది. ఆ అతుకు వంకరగా ఉంది, ఎడమ వైపు కోత కుడి వైపు కన్నా కాస్త ఎక్కువ పడింది. దాన్ని సరిచేయడం నాకు ఒకటి రెండు రోజుల పని. మా యజమాని వద్దన్నాడు. తుప్పు తిన్నంతవరకే తీసి కొత్త రేకు వేయించాడు, అతుకు వంకరను అలాగే ఉంచాడు, నేను వేసిన కొత్త రేకు లోపలి వైపు తేదీ చెక్కించాడు. చేయి తిరిగిన పనివాడికి తప్పు కనబడుతుండగా చేతులు కట్టుకోవడం కష్టమే. కానీ ఆ వంకర తీసేస్తే అది 2020ల కారు అవుతుంది తప్ప 1940ల కారు కాదు.

వ్యాసకర్తతో నా అసలు విభేదం ఇక్కడే. హాట్‌రాడ్లను పుట్టించిన దేశంలోనే పాతదాన్ని కోయడం మానుకుని, కోసినదాన్ని కూడా కోసినట్టే కాపాడుకుంటున్న ఈ కాలంలో, మన దగ్గర మిగిలిన పిడికెడు కార్ల మీద రంపం పెట్టమనడం తగదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. అది నిజాముల కారు కాబట్టి బాగుచేయించి అద్దాల వెనక పెట్టారు. జమీందారుల ఇళ్ళలో, మిల్లు యజమానుల ఇళ్ళలో, డాక్టర్ల ఇళ్ళలో మిగిలిన మామూలు మోరిస్‌లకు, ఫోర్డులకు ఆ అదృష్టం లేదు, వారసులు పంచుకోలేక తుక్కుకు వేస్తున్నారు. అంబాసిడర్ల మాట వేరని, 2014 దాకా ఉత్తరపారాలో తయారయ్యాయి కనుక కావలసినన్ని ఉన్నాయని ఎవరైనా అనవచ్చు. నిజమే, వాటి విషయంలో అరుదు అనే వాదన నేను చేయను.

అక్కడ అడ్డం వచ్చేది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక కేసులో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు శిక్ష పెట్టారు. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ వంటివి వేరే సంగతి. పైకప్పు కోసి, చాసిస్ మార్చి, మరో కంపెనీ ఇంజన్ పెట్టిన అంబాసిడర్ ఈ నిబంధనల ముందు నిలవదు.

దీనికి తోడు 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు రాష్ట్రపు గుర్తు తర్వాత వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత పొడిగింపుకు 5,000 రూపాయలు రుసుము. రోజువారీ వాడకానికీ, కిరాయికీ పనికిరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకువెళ్ళవచ్చు. అయితే ఒక షరతు ఉంది. ఆ వాహనం తన అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజన్‌లో గానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. అంటే తాతగారి కారును వ్యాసకర్త చెప్పినట్టు కోయించిన మనవడు మామూలు రిజిస్ట్రేషన్‌కూ పనికిరాడు, ఈ సౌకర్యానికీ పనికిరాడు. ఇది తెలియక ఎవరైనా అప్పు చేసి షెడ్డు పెడితే బాధ్యత ఎవరిది?

మన కుర్రాళ్ళకు ఈ రంగంలో ఉపాధి లేదని నేననడం లేదు. కోయడంలో లేదు, బాగుచేయడంలో ఉంది. రేకును చేత్తో వంచి మడ్‌గార్డు చేయగల పెద్దలు ఆటోనగర్‌లో ఇప్పటికీ కొందరున్నారు. కంప్యూటరు కోతలు, ఫ్యాక్టరీ ప్యానెళ్ళు వచ్చాక వాళ్ళకు పని తగ్గింది, వాళ్ళ దగ్గర నేర్చుకునేవాళ్ళు తగ్గారు. లేత్ మీద ఒక బుష్షు తిప్పడం, బోరు కొలిచి స్లీవు దింపడం, పగిలిన పోత ఇనుమును కుట్టడం, తుప్పు తిన్న చోట మాత్రమే కొత్త రేకు అతకడం, విప్పిన ప్రతి ముక్కకూ చీటీ కట్టి ఫోటో తీయడం ఇక్కడి షెడ్లనుంచి మనం తెచ్చుకోదగ్గ పనులు. వీటిలో చివరిదొక్కటి తప్ప మిగతావన్నీ మన మేస్త్రీలకు వచ్చినవే. చీటీ కట్టే అలవాటు మాత్రం మనకు లేదు. ఆటోనగర్‌లో విప్పిన బోల్టులన్నీ ఒకే డబ్బాలో పడేయడం నాకు బాగా గుర్తు, బిగించేటప్పుడు నాలుగు మిగిలితే ఎవరూ కంగారు పడేవారు కాదు.

వ్యాసంతోపాటు వేసిన ఫోటోల్లో ఒకటి, సైలెన్సరు కోసేసి వీధుల్లో హోరెత్తించే హైదరాబాదు బైకుల గుంపుది. హాట్‌రాడ్ స్ఫూర్తి ఇదేనన్న అర్థం వచ్చేలా దాని కింద వ్యాఖ్య రాశారు. ఎండు చెరువుల మీదికి వెళ్ళినవాళ్ళు ఊరికి దూరంగా వెళ్ళారని, తనిఖీ సంఘం తామే పెట్టుకున్నారని పైన చెప్పాను కనుక ఆ పోలిక గురించి ఇంకేమీ రాయను.

మీ పత్రిక ద్వారా రెండు పనులు జరగాలని కోరుతున్నాను. ఆ వ్యాసం చదివినవారి మేలు కోరి, 52వ సెక్షను, 2021 నాటి వీఏ రిజిస్ట్రేషన్ నిబంధనలు సరళమైన తెలుగులో అదే అనుబంధంలో ప్రచురించండి. దరఖాస్తు రవాణా శాఖ పోర్టల్ ద్వారా చేసుకోవచ్చన్న సంగతి, ఏయే కాగితాలు కావాలన్న వివరం కూడా వేస్తే, షెడ్డులో కారు ఉంచుకుని ఏం చేయాలో తోచని వారసులకు ఉపయోగపడుతుంది. రెండోది, మీ విలేకరిని ఒకసారి విజయవాడ ఆటోనగర్‌కు పంపి, చేత్తో రేకు వంచే పాత టింకర్లతో మాట్లాడించండి. ఉదయం పదింటికి ముందు వెళితే మంచిది, ఆ తర్వాత వాళ్ళు బండి కిందికి దూరితే భోజనాల వేళదాకా బయటికి రారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పోమోనా, కాలిఫోర్నియా